పన్ను లేని గుడి

నాకు రెండు పేర్లున్నాయి. ఆదోనిలో, మా పాలెంలో, నేను యేసేపును. రోజూ పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కి కోటేకల్ దాటేసరికి ఉచ్చీరప్పను. మొదటిది మా నాయన పెట్టి, పాస్టరు అయ్యగారి చేత తలమీద నీళ్ళు పోయించిన పేరు. రెండోది నన్ను బళ్ళో చేర్చిన రోజు పుట్టింది. "యేసేపు అని రాస్తే పిల్లోనికి స్కాలర్‌షిప్పూ రాదు, హాస్టలూ రాదు, ఆలోచించుకోప్పా" అని బళ్ళో అయివారు అంటే, మా నాయన కాసేపు తల గోక్కుని, మా పెద్దనాయన పేరు చెప్పి వచ్చాడట. దేవుడు ఏమీ అనుకోడులే అని ఇంటికొచ్చి మా అమ్మతో అన్నాడట.

దేవుడు ఏమీ అనుకోలేదు. ప్రభుత్వం మాత్రం అనుకుంటుంది. మాలాంటి కులంలో పుట్టినవాడు హిందువుగా ఉన్నంతకాలం వాడికి షెడ్యూల్డు కులం సర్టిఫికెట్టు, దాని వెనకే చదువు, ఉద్యోగం, ఇంటి స్థలం. శిలువ ముందు మోకరించాడని తేలిన రోజున అవన్నీ పోతాయి. మోకరించినంత మాత్రాన వాడిని ఊళ్ళో ఎవరూ పై కులం వాళ్ళ పక్కన కూర్చోబెట్టరు, అది వేరే సంగతి. నాకు పంచాయతీ సమితి బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది ఉచ్చీరప్ప పేరు మీద. యేసేపుకు వచ్చింది మా నాయన హార్మోనియం ఒక్కటే, అదీ గాలి పోయేది.

ఐదో తరగతి సాంఘిక పాఠంలో ఒక వాక్యం ఉంటుంది. మన దేశంలో ఎవరికి ఇష్టమైన మతాన్ని వాళ్ళు స్వేచ్ఛగా అవలంబించవచ్చు. ఈ వాక్యాన్ని నాలాగా చెప్పగలిగినవాడు తాలూకాలో ఇంకొకడు లేడని నా నమ్మకం. బల్ల మీద చెయ్యి చరిచి మరీ చెప్పేవాణ్ణి. పిల్లలు కూడా అంతే గట్టిగా అనేవాళ్ళు. సాయంత్రం బస్సు దిగి, పాలెంలోకి మలుపు తిరిగే ముందు, తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తున్నారా అని వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి. చెప్పేవి శ్రీరంగనీతులు అని పెద్దలు ఊరికే అనలేదు.

మా గుడి పాలెం చివర జిన్నింగ్ మిల్లుకు పోయే దారిలో ఉంది. మట్టి మిద్దె, రాతి గోడలు, నాపరాళ్ళ నేల. ఏ మిషనూ కట్టించింది కాదు. మా నాయన, ఆయన ఈడువాళ్ళు పగలంతా కూలికి పోయి వచ్చి, మాపటేళ కట్టుకున్నది. మా అమ్మ ఎస్తేరమ్మ నన్ను కడుపులో పెట్టుకుని దానికి రాళ్ళు మోసింది. ఆ మాట ఆమె ఎవరికైనా చెబుతుంది. కొత్తగా పరిచయమైన వాళ్ళకు నా పేరు కన్నా ముందు అదే చెబుతుంది. గుడికి గోపురం లేదు, గంట లేదు. పైన ఒక కొయ్య శిలువ ఉండేది. అది ఒక వైశాఖంలో గాలివానకు పడిపోతే, నేను బాగుచేయిస్తానని ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాను. చదువుకున్నవాణ్ణి కదా, ఒక పని ఒప్పుకున్నానంటే అది అయిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకుని మరిచిపోయాను.

ఎమర్జెన్సీ అయిపోయిన మరుసటి ఏడు పంటలు బాగా పండాయి. ఆ ఏడు కోతల పండుగ మా గుడిలో ఎన్నడూ లేనంత ఘనంగా జరిగింది. కోతల పండుగ అంటే, ఎవరి పంటలో తొలిభాగం వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెట్టడం. మాకు సొంత భూములు తక్కువే గానీ, కూలికి వచ్చిన గింజల్లోనూ తొలిభాగం ఉంటుంది. సెనక్కాయల మూటలు, జొన్నలు, పత్తి, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, రెండు గుమ్మడికాయలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తాం. కోళ్ళు ఆ పూటే పోయాయి. మూటలు తీసుకునే కోమటాయన బండి మంగళవారం గానీ రాదన్నాడు. సరే, దేవుని ఇంట్లోనే ఉంటాయి కదా అని గోడల పొడుగునా పేర్చి, వేలానికి తెచ్చిన కాటా కూడా అక్కడే వదిలేసి అందరం ఇళ్ళకు పోయాం.

సోమవారం మున్సిపాలిటీ బిల్లు కలెక్టరు మద్దయ్య కొత్త ఇళ్ళకు పన్ను వేయడానికి ఆ దారిన వచ్చాడు. అప్పుడు మా అమ్మ గుడి వాకిలి ఊడుస్తూ ఉంది. మద్దయ్య లోపలికి తొంగిచూశాడు. మిద్దె దాకా మూటలు, నడుమ కాటా, మిద్దె మీద ఏ గుర్తూ లేదు.

"ఏమవ్వా, సరుకు బాగానే ఉండాదే" అన్నాడు.

"ఈ యేడు నిండినాది నాయనా. ప్రతి యేడూ ఇట్లే నిండితే బాగుండు" అంది మా అమ్మ, సంతోషంగా.

"ఎవురిది?"

"మా సామిది."

మద్దయ్య రాసుకుని వెళ్ళిపోయాడు. అతని తప్పేమీ లేదు. కళ్ళకు కనిపించింది రాశాడు. కొన్నాళ్ళకు నోటీసు వచ్చింది. యజమాని పేరు సామి. కట్టడం గోడౌన్. వ్యాపారపు కట్టడానికి పడే పన్ను పడింది, గడువులోగా కట్టకపోతే తాళం వేస్తామని కింద ఉంది. మా పాలెం మొత్తం ఏడాదంతా కూడబెట్టినా తీరే పన్ను కాదు అది. దేవునికి మున్సిపాలిటీ నోటీసు ఇవ్వడం మా పాలెంలో అదే మొదటిసారి కాబట్టి, ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

గుడిలో చాపల మీద కూర్చుని మాట్లాడుకున్నాం. మా అమ్మ మూలన కూర్చుంది. తాళం అన్న మాట విన్నప్పటి నుంచి ఆమె అన్నం సరిగా తినలేదు. "నేను బతికుండగానే దీనికి బీగమేస్తారా" అని ఒకటే మాట. అందరూ ఆమె వైపు చూడలేక నా వైపు చూశారు.

నాకు అదే కావాలి. గొంతు సవరించుకుని లేచి నిలబడ్డాను. "దేవుని ఆరాధనకు వాడే కట్టడానికి పన్ను లేదు. చట్టంలో సెక్షన్ ఉంది" అన్నాను. ఏ సెక్షనో నాకు తెలియదు. ఒక వకీలు గుమాస్తా బస్సులో పక్కన కూర్చుని ఎవరితోనో అంటుంటే విన్నాను, అంతే. కానీ సెక్షన్ అన్న మాట వినగానే రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసే గోవిందు ముఖం విప్పారింది. "సారుకు తెలియంది ల్యా" అన్నాడు. నేను ఇంకాస్త నిటారుగా నిలబడ్డాను.

అర్జీ రాశాను. ఎంత బాగా రాశానంటే, మొదటి పేజీ అంతా రాజ్యాంగమే ఉంది, గుడి ఊసు రెండో పేజీలో గానీ రాలేదు. చదివి వినిపిస్తే అందరూ బాగుందన్నారు. అప్పుడు కింద సంతకాలు పెట్టమన్నాను. 'ఈ గుడిలో ఆరాధించు క్రైస్తవులము' అని రాసి, దాని కింద చోటు వదిలాను.

చాపల మీద ఒక్కసారిగా అందరికీ పనులు గుర్తొచ్చాయి. గోవిందు డ్యూటీకి టైమైందన్నాడు. బర్రెల లోను తీసుకున్న మాదన్న కళ్ళజోడు ఇంట్లో ఉందన్నాడు. అతనికి కళ్ళజోడు లేదు, సంతకమూ రాదు. పాలెంలో ప్రతి ఒక్కడికీ నాలాగే రెండు పేర్లు, ఆ రెండో పేరు మీద ఏదో ఒకటి ఉంది. ఒకడికి ఉద్యోగం, ఒకడికి ఇంటి పట్టా, ఒకడి కూతురికి హాస్టల్లో సీటు.

"నువ్వు పెట్టు సారూ ముందర" అన్నాడు గోవిందు, పోతూ పోతూ.

"రాసినవాడు సంతకం పెట్టకూడదని రూలుంది" అన్నాను. ఆ రూలు నేను అప్పుడే తయారుచేశాను.

చివరికి మా అమ్మ లేచి వచ్చి బొటనవేలు చాపింది. ఆమెకు పేరు ఒకటే, పోగొట్టుకోవడానికి ఏ ఆఫీసులోనూ ఏమీ లేదు. నేను ఇంకు పూశాను.

అర్జీ పట్టుకుని ఆమే ఆఫీసుకు పోయింది. నేనూ పోయాను, గేటు దాకా. లోపల రెవెన్యూ ఆఫీసరు శ్రీపాదరావు చదివి ఏమన్నాడో ఆమె బయటికి వచ్చి చెప్పింది. మంచాయన అట, కూర్చోమన్నాడట. కానీ ఒక మాట అడిగాడట. "ఇంత పెద్ద అర్జీ కింద ఒక్క వేలిముద్రేనా అవ్వా? ఒక్కరు మొక్కుకుంటే అది ఇల్లు అవుతాది గానీ గుడి ఎట్లవుతాది? ప్రజలు ఆరాధించే స్థలం అని ఉండాల. ఎంతమందైతే ప్రజలు అంటే ఆ లెక్క నాకూ తెలీదు, ఒక్కరు మాత్రం సాలరు. ఆదివారం నేనే వచ్చి సూస్తా."

ఈ కబురు పాలెంలో ఊరికే చెప్పినా సరిపోయేది. నేను ఊరికే చెబితే నేనెందుకవుతాను? ఇంటింటికీ తిరిగి, ఆఫీసరు స్వయంగా వస్తాడు, కళ్ళారా చూస్తాడు, అందరినీ నిలబెట్టి పేర్లు రాసుకుంటాడు అని చెప్పాను. చివరి మాట శ్రీపాదరావు అన్నది కాదు. మాటకు బరువు రావాలని నేను కలిపింది. బరువు వచ్చింది. ఆ బరువుకు పాలెం మొత్తం కుంగిపోయింది.

ఆదివారం పొద్దున నాకు గొంతు బాగలేదు. బాగలేదని మా అమ్మతో చెప్పాను.

"అయ్యగారు ఈ వారం రాడు గదా. వాక్యం ఎవురు సెప్తారు?" అంది ఆమె, తెల్లచీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ.

"ఎవరో ఒకరు చెబుతారులే. నేను బయట ఉండి ఏర్పాట్లు చూస్తా."

ఆమె నా ముఖంలోకి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. చాప చంకన పెట్టుకుని ఒక్కతే పోయింది.

గుడికి ఎదురుగా, దారికి అవతల, ఖాసిం సాబ్ చాయ్ హోటల్ ఉంది. ఏర్పాట్లు చూడటానికి నేను అందులో కూర్చున్నాను. టెరిలిన్ చొక్కా, జేబులో పెన్ను, ముఖానికి అడ్డంగా పేపరు. కాసేపటికి పక్క బెంచీలో ఎవరో దగ్గితే చూశాను. గోవిందు. నా బెంచీకే అవతలి కొసన మాదన్న. వెనక గోడవారగా వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలతో సహా. ఏం జరుగుతుందో చూద్దామని అందరికీ ఉంది, లోపలికి పోవడానికి ఎవరికీ లేదు. మా సంఘం మొత్తం గుడికి వీపు పెట్టి చాయ్ తాగుతోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

ఖాసిం సాబ్ గ్లాసులు సరిపోక కడిగి కడిగి ఇస్తున్నాడు. "ఏమప్పా, ఈ పొద్దు ఆదివారమేనా? మీరంతా ఈడుండారు, ఆడ అమ్మ ఒక్కతే ఉండాది" అన్నాడు. ఆయన నా ముందు గ్లాసు పెట్టి, "మా మసీదుకు ఆఫీసరు వస్తే మేము నిండుగా పోయి నిలబడతాం. మీకేం భయమబ్బా?" అన్నాడు మెల్లగా.

ఆయనకు చెప్పాలంటే చాలా ఉంది. నీకు ఒక పేరుంది ఖాసిం సాబ్, దాన్ని ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకే గొంతుతో చెబుతావు అని చెప్పాలి. చక్కెర తక్కువైందని చెప్పాను.

శ్రీపాదరావు సైకిలు మీద వచ్చాడు. నుదుట మాధ్వుల నల్లటి అంగారం గీత, దాని కింద అక్షతల బొట్టు. పొద్దున పూజ చేసుకుని వచ్చినట్టున్నాడు. సైకిలు హోటల్ ముందు నిలబెట్టి, అందరిలోకి మర్యాదస్తుడిలా కనిపించిన వాణ్ణి ఏరుకుని అడిగాడు. అది నేనే.

"ఇది గుడేనా అండీ? ఈడ ఎవరైనా మొక్కుకుంటారా?"

"ఏమో సార్. నేను ఈ ఊరు కాదు" అన్నాను.

గోవిందు చాయ్ పొలమారింది. శ్రీపాదరావు ఖాసిం సాబ్ వైపు తిరిగాడు.

"గుడే సార్" అన్నాడు ఖాసిం సాబ్. "ఆదివారం వస్తే నా రేడియో వినపడదు, అంత పాడతారు. నేను ఈడ హోటల్ పెట్టినప్పటి నుంచీ వింటాండా."

"మరి మనుషులు యాడ?"

ఖాసిం సాబ్ మమ్మల్నందరినీ ఒకసారి చూశాడు. ఒక్క మాట అంటే చాలు, మా పని అయిపోయేది. "అల్లాకు తెలుసు సార్" అని గ్లాసులు కడగడానికి పోయాడు.

శ్రీపాదరావు దారి దాటి పోయాడు. గుడి గడప దగ్గర చెప్పులు విడిచాడు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి, తల తిప్పితే మాకు అంతా కనిపిస్తోంది, అంతా వినిపిస్తోంది. పేపరు చాటున మెడ తిప్పి నేను చూస్తూనే ఉన్నాను. మా అమ్మ పొడుగునా చాపలన్నీ పరిచి, ముందు చాప మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"ఎవరూ రాలేదా అవ్వా?"

"వస్తారు సార్. పాట ఎత్తుకుంటే వస్తారు. కూసోండి."

ఆయన కూర్చోలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు. మా అమ్మ పాట ఎత్తుకుంది. అది మా నాయన కట్టిన పాట. కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే వరుసలోనే కట్టాడు. ఒకరు అడగాలి, మిగతావాళ్ళంతా అందుకుని జవాబు చెప్పాలి.

"ఎవురు విత్తిన సేనో ఇది, ఎవురు విత్తిన సేనో?"

అడిగి, మా అమ్మ ఆగింది. జవాబు రావాల్సిన చోట అలవాటుగా తల కాస్త పక్కకు వంచి ఆగింది. జవాబు లేదు. ఖాసిం సాబ్ స్టవ్వు చప్పుడు మాత్రమే ఉంది. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆగింది. మామూలుగా అయితే మేము ఆమెను పూర్తిగా అడగనివ్వం, సగంలోనే అందుకుంటాం. ఆ ఖాళీలో ఆమె ముసలి గొంతు ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ వినలేదు. సన్నగా, వణుకుతూ, కానీ ఎక్కడా కోపం లేకుండా ఉంది. జవాబు వస్తుందని ఆమెకు సందేహమే లేదు. కాస్త ఆలస్యమవుతోంది అంతే అన్నట్టు మళ్ళీ అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. బల్ల చరిచి స్వేచ్ఛ అని అరిచే నాలాంటి వాడికి తల్లి అడిగిన ప్రశ్నకు పలికే స్వేచ్ఛ లేదా అని సిగ్గేసింది. ఇలాంటి మంచి ఆలోచన వచ్చినప్పుడు లేచి నడిచిపోవాలి. నేను పేపరు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

ముందు ఎవరు మొదలుపెట్టారో ఇప్పటికీ తేలలేదు. గోవిందు తానే అంటాడు. గోడవారగా కూర్చున్న ఆడవాళ్ళల్లో ఎవరో సన్నగా అన్నారని నా అనుమానం. మా అమ్మ ఇంకోసారి అడిగేసరికి, గొంతు బాగలేని నాతో సహా హోటల్ హోటలంతా, గుడికి వీపు పెట్టుకునే, అందుకుంది.

"మా సామి విత్తిన సేనే ఇది, మేమంతా ఆయన కూలోళ్ళమే!"

మా అమ్మ తల ఎత్తలేదు. ఇప్పటికి కుదిరింది అన్నట్టు రెండో చరణం ఎత్తుకుంది. ఆమె అక్కడ అడుగుతోంది, మేము ఇక్కడ చెబుతున్నాం. దారిన పోయే ఎద్దుల బండి ఒకటి నడుమ ఆగిపోయింది. మాదన్న బెంచీ మీద దరువు వేస్తున్నాడు, చాయ్ గ్లాసులు గలగలమంటున్నాయి. శ్రీపాదరావు గడప మీద నిలబడి ఒకసారి లోపలికి, ఒకసారి మా వైపు చూస్తున్నాడు.

ఖాసిం సాబ్ గల్లాపెట్టె దగ్గర నుంచి కేకేశాడు. "సార్, నా హోటల్‌కు గూడా పన్ను తీసేస్తారా అయితే?"

శ్రీపాదరావు నవ్వాడు. ఆ వెంటనే ముఖం మామూలుగా పెట్టుకుని దారి మధ్యదాకా వచ్చాడు.

"పాట విన్నా. ఆరాధనే, కాదనను. కానీ గుడి ఆడుండాది, మీరు ఈడుండారు. నేను ఏమని రాయాల? మీలో ఒక్కరు రండి. ఇది మా గుడి, మేము ఇందులో మొక్కుకుంటాం అని సెప్పి పేరు రాయించండి. అవ్వకు తోడు ఇంకొక్కరు సాలు."

ధైర్యంగా లేచి నిలబడ్డానని రాయాలని నాకు ఎంతో ఉంది. జరిగింది అది కాదు. నాతో ఒకే బెంచీ మీద అవతలి కొసన ఉన్న మాదన్న, వెనక దారిన జారుకుందామని టక్కున లేచాడు. బెంచీ నా వైపు ఒరిగింది. పడకుండా ఉండాలంటే నేను నిలబడక తప్పలేదు. నిలబడ్డాక చూస్తే, హోటల్లో నిలబడి ఉన్నది నేనొక్కణ్ణే. మాదన్న మళ్ళీ కూర్చున్నాడు.

"మీరు ఈ ఊరు కాదంటిరే" అన్నాడు శ్రీపాదరావు.

నేను దారి దాటాను. మా అమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"పేరు?"

"యేసేపు సార్." అది చెప్పడం కష్టం కాలేదు. ఆఫీసుల్లో యేసేపు అనేవాడు లేడు, వాడికి పోయేదేమీ లేదు.

"ఏం పని సేస్తారు?"

"కూలి సార్."

శ్రీపాదరావు నా టెరిలిన్ చొక్కా చూశాడు. జేబులో పెన్ను చూశాడు. అయినా రాసుకోబోయాడు. అంతా సజావుగా అయిపోయేదే. కానీ మా అమ్మకు అది నచ్చలేదు. రాళ్ళు మోసి, కూలి చేసి చదివించిన కొడుకును నలుగురిలో కూలోడు అంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

"కూలోడు కాదు సార్. మా యేసేపు అయివారు" అంది ఆమె, ముందుకు వచ్చి. "ఎమ్మిగనూరు తట్టు సమితి బళ్ళో సెప్తాడు. ఆడ ఉచ్చీరప్ప సారు యాడ అంటే సిన్నపిల్లోడైనా సూపిస్తాడు."

పెన్ను ఆగింది. శ్రీపాదరావుకు అర్థమైంది. ఇరవై ఏళ్ళు ఆఫీసులో పనిచేసిన మనిషికి అది అర్థం కావడానికి ఎంతసేపు? ఆయన నన్ను చూడలేదు. మా అమ్మనే చూస్తూ, నెమ్మదిగా అడిగాడు.

"అవ్వా, నీకు ఇద్దరు కొడుకులా? యేసేపు ఒకడు, ఆ అయివారు ఒకడు?"

నేను తప్పించుకోవడానికి ఆయన దారి చూపించాడు. మా అమ్మ ఊ అంటే చాలు. నేను ఆమె వైపు చూశాను. ఊ అను అమ్మా అని కళ్ళతో బతిమాలాను.

"ఒక్కడే సార్" అంది మా అమ్మ. "ఇద్దరుంటే నేను ఇంతసేపూ ఒక్కదాన్నే కూసుని పాడతానా?"

ఆ మాట ఆమె నన్ను పొడవాలని అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఒంట్లో ఏదో తెగినట్టయింది. ఇన్నేళ్ళూ నన్ను రెండుగా కోసుకుని, ఒక ముక్క సర్కారుకు, ఒక ముక్క గుడికి ఇచ్చి నేనేదో తెలివిగా బతుకుతున్నాననుకున్నాను. ఈమె దగ్గర మాత్రం సగం కొడుకే ఉన్నాడు, ఆ సగం కూడా ఈ పొద్దు పేపరు చాటున కూర్చున్నాడు.

"ఒక్కణ్ణే సార్" అన్నాను. గొంతు నిజంగానే బాగలేదు. "రెండు పేర్లూ నావే. ఇది మా గుడి. రెండూ రాసుకోండి."

"ఆలోచించుకోండి" అన్నాడు శ్రీపాదరావు గొంతు తగ్గించి. "నేను రాసేది గుడి గురించే. మీ ఉద్యోగంతో నాకు పని లేదు. కానీ ఆఫీసులో కాయితం పెట్టినాక ఎవరైనా సదవచ్చు."

"రాసుకోండి సార్."

ఇంతదూరం వచ్చాం కదా అని గడప దాటి లోపలికి పోయి చాప మీద కూర్చున్నాను. నిలబడే ఓపిక లేకే కూర్చున్నాను గానీ, అవతల నుంచి చూసినవాళ్ళకు అది భక్తిలా కనిపించిందట. కాసేపటికి వెనక చాపల మీద ఒకరిద్దరు వచ్చి కూర్చున్న చప్పుడైంది. శ్రీపాదరావు చెప్పులు వేసుకుంటూ, ఆ పాట ఎవరు కట్టారని మా అమ్మను అడిగాడు. మా ఇంటాయన అని చెప్పి, ఈ గోడలకు తాను మోసిన రాళ్ళ సంగతి కూడా చెప్పింది.

ఆర్డరు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ నేను బడిలో తపాలా వస్తే చాలు, సుద్దముక్క వదిలేసి వాకిట్లోకి తొంగిచూసేవాణ్ణి. హెడ్మాస్టరు నా వైపు చూస్తే కారణం వెతుక్కునేవాణ్ణి. ఎవరూ ఏమీ అడగలేదు. ఇంకా అడగలేదు అనడమే సరి. స్వేచ్ఛ పాఠం వచ్చినప్పుడు మాత్రం బల్ల చరచడం మానేశాను, మామూలుగా చదివి వదిలేస్తున్నాను. పిల్లలకు ఆ పాఠం ఇప్పుడు సరిగా రావడం లేదు.

ఆర్డరు ఆదివారం ఆరాధనకు ముందు, గుడి వాకిట్లో నిలబడి, అందరికీ వినబడేలా చదివాను. పై కట్టడం ప్రజలు ఆరాధించు స్థలమని విచారణలో తేలినందున పన్ను నుంచి మినహాయించడమైనది. చదవడం అయ్యాక పొగడ్త కోసం కాసేపు ఆగాను. లోపల సగం చాపలు నిండి ఉన్నాయి. మిగతా సగం సంఘం దారికి అవతల ఉంది. గోవిందు, మాదన్న, ఇంకా కొందరు ఆదివారాలు ఖాసిం సాబ్ బెంచీల మీదనే కూర్చుంటున్నారు. గోవిందు ఉద్యోగం పోతే ఇంటిల్లిపాదీ పస్తే. మాదన్న బర్రెలను జప్తు చేస్తారు. పాట వచ్చినప్పుడు వాళ్ళు అక్కడి నుంచే అందుకుంటారు. వాళ్ళకోసం ఖాసిం సాబ్ రేడియో ఆపేస్తాడు.

మా అమ్మ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని అంతా విన్నది.

"అంటే ఇంక బీగమెయ్యరా?"

"వెయ్యరు."

"నోటీసు గూడా రాదా?"

"రాదమ్మా. దేవుని ఇల్లు కదా. పన్ను మాఫీ."

ఆమె తృప్తిగా తలాడించింది. గోడ మీద ఒకసారి అరచెయ్యి ఆనించింది. తర్వాత దారికి అవతల, మాకు వీపు పెట్టి చాయ్ తాగుతున్న వాళ్ళను చూస్తూ అడిగింది.

"ఇంటికి మాఫీ సేసినారు, బాగుండాది. ఇంట్లోకి వచ్చేటోళ్ళకు ఎప్పుడు సేస్తారంట? అడిగినావా?"

అడగలేదని చెప్పాను.